చెరువు అడుగున గాలం



అనంతపురం సీమలో చేపల మాట ఎత్తితే చాలామంది నవ్వుతారు. "తాగే నీళ్ళకే కటకట, ఇక చేపలెక్కడివండీ?" అంటారు. వాళ్ళ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇక్కడ ఏడాదంతా కలిపి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. మనదేశంలో బాగా తక్కువ వాన పడే సీమల్లో ఇదొకటి. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటవి. ఈశాన్యపు వానలు తూర్పు తీరాన కురిసి, ఇంత లోపలికి వచ్చేసరికి నీరసించి పోతవి. రెండు విందులకూ పిలుపు ఉండి, రెండుచోట్లా ఆఖరి పంక్తిలో కూర్చున్నవాడి వంటిది ఈ సీమ.

అయినా ఇక్కడ చేపలున్నవి. గాలం వేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో నేర్పరులు గాలాన్ని నీటి మీద తేలనివ్వరు. బతికిన ఎరను కట్టి, చెరువు అడుగున మెల్లగా నడిపిస్తారు. ఈ నెల మనం ఆ విద్య సంగతి తెలుసుకుందాం. అందులో లెక్కలున్నవి, భౌతికశాస్త్రమున్నది, జంతుశాస్త్రమున్నది. చిట్టచివర ఒక ధర్మం కూడా ఉన్నది.

నీళ్ళెక్కడివి?

పెన్నానది కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, హిందూపురం వైపునుంచి ఈ సీమలోకి దిగుతుంది. మొత్తం 597 కిలోమీటర్లు ప్రయాణం చేసి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. కాని ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుకనది. చిత్రావతి కూడా అంతే. ఎప్పుడో గట్టివాన పడితే మాత్రం ఒక్క రాత్రిలో పొంగి పారుతవి. 2021 నవంబరులో అలాగే పొంగినవి. (2022లో పాత అనంతపురం జిల్లా రెండయింది. హిందూపురం, పుట్టపర్తి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నవి. జిల్లాలు రెండయినా మబ్బులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నవి.)

ఇలా వచ్చి అలా పోయే నీటిని పట్టి నిలపటానికే మన పూర్వులు చెరువులు కట్టారు. అనంతపురం ఊరు పుట్టిందే ఒక చెరువు వల్ల. 1364లో విజయనగర రాజు బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు వాగుకు అడ్డంగా పెద్ద కట్ట వేయించాడనీ, ఆ కట్టకు ఇటొక ఊరు, అటొక ఊరు వెలిసినవనీ చరిత్ర చెబుతుంది. వాటిలో ఒకటి బుక్కరాయసముద్రం. రెండవది అనంతసాగరం. నీళ్ళు లేని సీమలో ఊళ్ళకు సముద్రమనీ, సాగరమనీ పేర్లు పెట్టారంటే, నీరంటే వాళ్ళకెంత ఆశో చూడండి!

మన కాలంలో 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది. ఆ తర్వాత ఎగువ కాలువ తవ్వి తుంగభద్ర నీటిని ఈ సీమకు తెచ్చారు. ఆ నీరు పెనకచర్ల దగ్గర పెన్నమీద కట్టిన మధ్య పెన్నా జలాశయంలో నిలుస్తుంది. ఇటువంటి జలాశయాల్లోనూ, పాత చెరువుల్లోనూ, నది ఎండిన తర్వాత బండలమధ్య మిగిలే మడుగుల్లోనూ చేపలు కాపురముంటవి.

మూడంతస్తుల మేడ

చెరువు పైకి చూస్తే ఒకే నీరు. చేపలకు మాత్రం అది మూడంతస్తుల మేడ. బొచ్చె చేప నోరు పైకి తిరిగి ఉంటుంది. అది పై అంతస్తులో తిరుగుతూ నీటిలో తేలే సన్నని జీవులను తింటుంది. శీలావతి, అంటే రోహు చేప, నడిమి అంతస్తులో ఉంటుంది. ఎర్రమోసు నోరు కిందికి ఉంటుంది. అది అడుగున కుళ్ళిన ఆకునూ అలమునూ ఏరుకుంటుంది. ఒకరి కంచంలో మరొకరు చెయ్యి పెట్టరు కాబట్టే ఈ మూడింటి పిల్లలనూ ఒకే చెరువులో వదిలి పెంచుతారు. చేప నోరు చూసి అది ఏ అంతస్తులో భోంచేస్తుందో చెప్పవచ్చునన్నమాట.

ఇవి సాధువులు. మరి బతికిన ఎరను వెంటాడే వేటగాళ్ళు వేరే ఉన్నవి. కొరమీను, వాలుగ, జెల్ల, మార్పు అటువంటివి. వీటిలో వాలుగ పెద్ద దొర. మీటరు పైగా పెరుగుతుంది. పగలంతా అడుగున గోతుల్లో పడుకొని, చీకటి పడగానే వేటకు బయలుదేరుతుంది. జెల్ల, మార్పు కూడా అడుగు బురదనే నమ్ముకున్నవి.

ఎర్రమట్టి కలిసిన చెరువు నీటిలో, మూరెడు లోతుకు పోతే వెలుతురే ఉండదు. అక్కడ కళ్ళెందుకు పనికివస్తవి? అందుకే ప్రకృతి వీటికి వేరే సాధనాలిచ్చింది. వాలుగకూ జెల్లకూ మార్పుకూ పిల్లి మీసాలవంటి మీసాలుంటవి. ఆ మీసాల మీద రుచి తెలిపే మొగ్గలున్నవి. మనకు నాలుక నోట్లో ఉంటే, వాటికి నాలుకలు ఒళ్ళంతా ఉన్నవనుకోండి! ఇదిగాక చాలా చేపలకు మొప్పల దగ్గరనుంచి తోకదాకా ఒంటికి రెండుపక్కలా ఒక సన్నని గీత ఉంటుంది. దాన్ని పార్శ్వరేఖ అంటారు. నీటిలో ఏ చిన్న ప్రాణి కదిలినా ఆ అదురు ఈ గీతకు తెలుస్తుంది.

ఇప్పుడు మీకు బతికిన ఎర రహస్యం అర్థమయి ఉంటుంది. గాలానికి గుచ్చిన వానపాము మెలికలు తిరుగుతుంది. ఆ అదురు నీటిలో పాకుతుంది, దాని వాసన కూడా పాకుతుంది. చీకట్లో ఉన్న వేటచేపకు అది విందుకు పిలుపు వంటిది.

గుండు ఆడే తొక్కుడుబిళ్ళ

ఎర ఉన్నంతమాత్రాన చాలదు. అది చేప ఉన్నచోటికి చేరాలి. బెండు కట్టిన గాలం నీటి నడుమ వేలాడుతుంది. అడుగున ఉన్న వాలుగకు అది మేడమీద వడ్డించిన విస్తరి. కాబట్టి గాలాన్ని కిందికి దింపటానికి బరువు కావాలి.

ఆ అమరిక ఇలా ఉంటుంది. తాడు చివర ఒక గుండు కడతారు. గుండుకు జానెడు పైన, ప్రధానమైన తాడునుంచి ఒక కొమ్మలాగా మూరెడు సన్నతాడు కట్టి, దాని కొసకు గాలం వేస్తారు. పుట్టిలో కూర్చుని, తెడ్డు వెయ్యకుండా గాలికి పుట్టిని మెల్లగా పోనిస్తారు. గుండు అడుగున తగులుతుంది, లేస్తుంది, మళ్ళీ తగులుతుంది. మీరు తొక్కుడుబిళ్ళ ఆడేటప్పుడు ఒంటికాలితో గడినుంచి గడికి గెంతుతారు చూడండి, అచ్చంగా అలాగే! వెనక వచ్చే ఎర మాత్రం బురదలో దిగబడకుండా, అడుగుకు జానెడు పైన, బతికిన జీవి స్వేచ్ఛగా పోతున్నట్లే పోతుంది.

గుండు మరీ బరువైతే బురదలో కూరుకుపోతుంది, లేదా చెరువులో మునిగిన తుమ్మమొద్దుకు తగులుకుంటుంది. మరీ తేలికైతే అడుగే అందదు. సరిగ్గా సరిపోతే అది గెంతే ప్రతి గెంతూ తాడు వెంట చేతికి తెలుస్తుంది. మెత్తగా తగిలితే బురద. టక్కుమంటే బండ. సరసరమంటే గులకరాళ్ళు. ఒక్కసారిగా తాడు ఇంకా కిందికి పోతే గొయ్యి, లేదా చెరువు కట్టకముందు వాగు పారిన పాత దారి. చేపలు ఎక్కువగా దొరికేది అక్కడే. కళ్ళతో చూడలేని చెరువు అడుగును వేలికొసలతో చదవటమన్నమాట ఇది.

ఇందులో లెక్క ఎక్కడున్నదంటారా? పుట్టి కదులుతూ ఉంటే తాడు నిట్టనిలువుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. నీటిలోతు 10 అడుగులనుకోండి. తాడు 14 అడుగులు వదిలితే అది నీటిమట్టంతో ఇంచుమించు 45 డిగ్రీల కోణం చేస్తుంది. 20 అడుగులు వదిలితే 30 డిగ్రీలే. కోణం తగ్గినకొద్దీ గుండు గెంతటం మానేసి ఈడ్చుకుపోతుంది. పై తరగతుల పిల్లలు కాగితంమీద త్రిభుజం గీసి ఇది సరిచూసుకోవచ్చు.

గుండు దేనితో చెయ్యాలి? చాలామంది సీసం వాడుతారు. కారణం ఆర్కిమిడీసు చెప్పిన సూత్రంలో ఉన్నది. నీటిలో మునిగిన వస్తువు, తాను పక్కకు నెట్టిన నీటి బరువెంతో అంత బరువు కోల్పోతుంది. 100 గ్రాముల నల్లరాయి నీటిలో 62 గ్రాములే తూగుతుంది. 100 గ్రాముల సీసం 91 గ్రాములు తూగుతుంది. కాని సీసం విషం సుమా! చిన్న చిన్న సీసపు ముక్కలను పళ్ళతో కొరికి తాడుకు నొక్కే అలవాటు కొందరికి ఉన్నది. అది చాలా ప్రమాదం. ఇంగ్లండులో, నీళ్ళల్లో పడిన సీసపు గుళ్ళను మింగి హంసలు చచ్చిపోతుంటే, 1987లో అక్కడి ప్రభుత్వం గాలాలకు కట్టే చిన్న సీసపు గుళ్ళ అమ్మకాన్ని నిషేధించింది. మరి మనమేం చెయ్యాలి? 100 గ్రాముల ఇనుము నీటిలో 87 గ్రాములు తూగుతుంది. సీసానికీ దీనికీ తేడా నాలుగే గ్రాములు! సైకిలు షాపులో పారేసిన పాత నట్టు కడితే విషమూ లేదు, ఖర్చూ లేదు.

ఈ విద్య మన దగ్గరే కాదు, అమెరికా, కెనడా దేశాల పెద్ద సరస్సుల్లోనూ ఉన్నది. అక్కడ వాలై అనే చేప ఉన్నది. మిన్నెసోటా రాష్ట్రం 1965లో దాన్ని తమ రాష్ట్రపు చేపగా ప్రకటించుకున్నది. మసక వెలుతురులో వేటాడే ఆ చేపకోసం వాళ్ళు ఇనుపతీగకు గుండు బిగించి, వానపామునో జలగనో గుచ్చి, పడవను మెల్లగా నడుపుతూ అడుగున గెంతిస్తారు. ఎక్కడి మిన్నెసోటా, ఎక్కడి పెనకచర్ల! చేప అడుగున ఉంటే మనిషి బుద్ధి ఎక్కడైనా ఒకే దారిన పోయింది.

ఎర ఏది? ఏది కాదు?

వానపాము మంచి ఎర. అయినా తోటలో దొరికినవన్నీ తవ్వెయ్యకండి. అవి రైతుకు జీతం లేని పాలేర్లు. కప్పను ఎరగా గుచ్చటం మాత్రం మానండి. కప్ప పంటపురుగులను తింటుంది. కాళ్ళకోసం కప్పలను లక్షలాదిగా పట్టి పైదేశాలకు పంపుతూ ఉంటే, పొలాలకు చేటని 1987లో మన ప్రభుత్వం ఆ ఎగుమతినే ఆపింది.

ఒక చెరువులో పట్టిన చిన్నచేపలను మరొక చెరువుకు ఎరగా తీసుకుపోవటం అన్నిటికన్నా చెడ్డపని. గాలంనుంచి తప్పించుకున్నవి, మిగిలితే పారబోసినవి, అక్కడే కాపురం పెడతవి. వాటితో రోగాలూ వస్తవి. జిలేబి చేప మన దేశపుది కాదు. 1952లో బయటినుంచి తెచ్చారు. ఇప్పుడది ఎన్నో చెరువుల్లో మన చేపల కూడు తింటున్నది. ఆఫ్రికానుంచి వచ్చిన క్యాట్‌ఫిష్ ఇంకా తిండిపోతు. దాన్ని పెంచటం మన దేశంలో నిషిద్ధం. అమెరికాలో చాలా రాష్ట్రాలు బతికిన ఎరచేపలను ఒక సరస్సునుంచి మరొక సరస్సుకు తీసుకుపోరాదని చట్టం చేసినవి. చట్టం మాట అలా ఉంచి, ఏ చెరువు ఎర ఆ చెరువుకే అని మనమే నియమం పెట్టుకోవచ్చు.

కొరమీను తండ్రి

ఇప్పుడు ధర్మం సంగతి చెబుతాను. జాగ్రత్తగా వినండి.

కొరమీను సంగతి చిత్రమైనది. దానికి మొప్పలతోపాటు తలలో గాలి పీల్చుకునే గది కూడా ఉన్నది. అది మాటిమాటికీ పైకి వచ్చి గాలి పీల్చకపోతే నీటిలో ఉండి కూడా ఊపిరాడక చచ్చిపోతుంది. ఈ గుణంవల్లనే అది కరువు సీమకు తగిన చేప అయింది. చెరువు ఎండుతుంటే అది బురదలోకి దిగి, ఒళ్ళు తడి ఆరనంతకాలం ప్రాణం నిలుపుకుంటుంది. వాన రాగానే బయటికి వస్తుంది. వానతోపాటు ఆకాశంనుంచి చేపలు పడ్డవని కొందరంటారు. బురదలో దాగినవి కొన్ని, పొంగిన వంకల వెంట మడుగులనుంచి ఎదురీదుకుంటూ వచ్చినవి కొన్ని. ఆకాశం పంపింది నీళ్ళనే.

వానలు పడగానే కొరమీను జమ్ము మధ్య గుడ్లు పెడుతుంది. అప్పటినుంచి కాపలా మొదలు. ఎక్కువగా కాపలా కాసేది తండ్రి చేప! పిల్లలు ఎర్రగా, బంతిలాగా గుంపుకట్టి గాలికోసం పైకి వస్తూ పోతూ ఉంటవి. కింద, నీడలో, తండ్రి ఉంటాడు. కప్ప వచ్చినా, పాము వచ్చినా ఎదురుపోతాడు.

ఆ ఎర్రటి గుంపు కనిపించిందంటే గాలగాడికి పండుగే. బతికిన ఎరను సరిగ్గా గుంపు నడుమకు దింపుతాడు. తండ్రి చేప దానిమీదికి దూకుతుంది. ఆకలేసి కాదు బాబూ, పిల్లలమీదికి శత్రువు వచ్చిందని దూకుతుంది. గాలానికి చిక్కుతుంది. ఆ ఒక్క చేపతో గాలగాడి ఇంట్లో ఒక పూట కూర అవుతుంది. తండ్రి లేని గుంపును గంట తిరగకుండా కొంగలూ, జెల్లలూ ఖాళీ చేస్తవి. వందల కొరమీలు పుట్టవలసిన చోట ఒక్కటీ మిగలదు.

నిండుగా నీళ్ళున్న కోస్తా కాలువల్లో ఒక గుంపు పోతే మరొక గుంపు ఉంటుందేమో. ఈ సీమలో అలా కాదు. ఇక్కడ చెరువు నిండి మరువ పారటం ఏ ఏడాదికో జరిగే ఉత్సవం. ఆ ఒక్క ఏడాది పుట్టిన పిల్లలే తర్వాత వచ్చే కరువును దాటాలి.

ఎండాకాలపు మడుగు సంగతీ అంతే. నీరు తగ్గి తగ్గి తూము దగ్గర ఒక గుంట మిగులుతుంది. చెరువులోని చేపలన్నీ అందులోనే ఇరుకుకుంటవి. అప్పుడు గాలం వెయ్యటానికి నేర్పు కూడా అక్కరలేదు. వలలూ, బుట్టలూ, గాలాలూ అన్నీ అక్కడికే చేరుతవి. కాని అనంతపురం రైతును చూడండి. ఎంత కరువు వచ్చినా, ఇంట్లో పిల్లలు ఆకలన్నా, విత్తనానికి దాచిన చెనిక్కాయల మూటమీద చెయ్యి వెయ్యటానికి అతని మనసొప్పదు. ఆ మూట పోతే మరుసటి వానకు చేనే ఉండదని అతనికి తెలుసు. ఆఖరి మడుగు కూడా అటువంటి విత్తనాల మూటే. అది వట్టిగా ఎండిపోయేదైతే ఆ చేపలు ఎలాగూ చస్తవి, పట్టుకోవచ్చు. వానదాకా నిలిచేదైతే మాత్రం దాన్ని వదిలెయ్యాలి.

ఎక్కడ గాలం వెయ్యాలో తెలిసినవాడు నేర్పరి. ఎప్పుడు వెయ్యకూడదో తెలిసినవాడు పెద్దమనిషి. ఎర్రపిల్లల గుంపు కనిపిస్తే గాలం తీసెయ్యండి. కాసేపు కూర్చుని చూడండి. తండ్రి చేప కాపలా కాసే తీరు చూడటం పట్టుకోవటం కంటే గొప్ప వినోదం.

పెద్దలకొక మాట

మీ పిల్లలను చెరువుకు ఒంటరిగా పంపకండి. చెరువుల్లో మట్టి తవ్విన గుంతలు నీరు నిండితే పైకి కనిపించవు. మోకాలిలోతు అనుకున్నచోట మరుసటి అడుగులో రెండు నిలువుల లోతు ఉండవచ్చు. ఈతరాని పిల్లవాణ్ణి పుట్టి ఎక్కించవద్దు. జెల్లకు రెండుపక్కలా ముళ్ళుంటవి, గుచ్చుకుంటే విపరీతమైన పోటు. దాన్ని గాలంనుంచి తీసే పని పెద్దలే చెయ్యాలి. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది. వాళ్ళను అడగకుండా గాలం వేస్తే అది వినోదం కాదు, మరొకరి జీవనంలో చెయ్యి పెట్టటం.

ఈ నెల ప్రయోగం

ఒక రాయి, ఒక ఇనుప నట్టు తీసుకోండి. రెండూ ఇంచుమించు ఒకే బరువు ఉండాలి. సైన్సు మాస్టారినడిగి స్ప్రింగు త్రాసు తెచ్చుకోండి. ముందు గాలిలో తూచండి. తర్వాత దారంతో వేలాడదీసి, బక్కెట్టు నీటిలో మునిగేటట్లు ఉంచి తూచండి. ఏది ఎంత తగ్గిందో రాసుకోండి. నేను చెప్పిన అంకెలతో సరిపోల్చండి. సరిపోకపోతే ఎందుకు సరిపోలేదో ఆలోచించండి. అసలు చదువు అక్కడే మొదలవుతుంది.

ఇంకొక పని. మీ అవ్వనో తాతనో ఈ ప్రశ్న అడగండి: "మన ఊరి చెరువు ఎన్నిసార్లు మరువ పారింది? అప్పుడు ఏయే చేపలు దొరికేవి?" వాళ్ళు చెప్పిన పేర్లన్నీ ఒక కాగితంమీద రాయండి. వాటిలో ఇప్పుడు మీ ఊళ్ళో దొరికేవి ఎన్నో గుర్తుపెట్టండి. దొరకని పేర్ల పక్కన ఖాళీ వదలండి. మళ్ళీ చెరువు నిండిననాడు, ఆ ఖాళీల్లో ఒక్కటైనా మీరు నింపగలిగితే, ఆ కబురు నాకు తప్పక రాయండి.